కుండలో తాజాదనం, మూకుట్లో ఇనుము

ఎండాకాలంలో పొద్దున కొన్న తోటకూర కట్ట మధ్యాహ్నానికే తలవాల్చేస్తుంది. ఆకు బరువులో నూటికి అయిదారు వంతుల నీరు ఆవిరైతే చాలు, వడలిపోయినట్టే. కోసిన తర్వాత కూడా ఆకు శ్వాసిస్తూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడింతలవుతుంది. ప్లాస్టిక్ కవర్లో బిగించి కడితే నీరు నిలుస్తుంది గానీ, ఆవిరి లోపలే చుక్కలై ఆకులకు అంటుకుని కుళ్లు పట్టిస్తుంది. ఆకుకు కావలసింది చల్లదనం, తేమ, కొద్దిగా గాలి. రెండు మట్టికుండలతో ఈ మూడూ సమకూరుతాయి.

వెడల్పు మూతి ఉన్న పెద్ద కుండ ఒకటి, అందులో చుట్టూ మూడు నాలుగు సెంటీమీటర్ల సందు మిగిలేలా పట్టే చిన్న కుండ ఒకటి తీసుకోండి. పెద్దదానికి రంగుగానీ పాలిష్‌గానీ ఉండకూడదు, మట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. అడుగున రెండంగుళాల ఇసుక పరిచి, చిన్న కుండ దించి, సందు నిండా ఇసుక పోసి తడపండి. లోపలి కుండ మీద తడిపి పిండిన గోనెపట్టా కప్పండి. ఇసుకకు పొద్దున, సాయంత్రం నీళ్లు పట్టాలి. ఇసుక తడిగా ఉంటే చాలు. అడుగున నీళ్లు నిలిచాయంటే లోపలి కుండలోకి ఊరి కాయలు మెత్తబడతాయి.

ఇసుకలోని నీరు బయటి కుండ రంధ్రాల్లోంచి ఊరి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. అందుకే కుండకు నీడ ఒక్కటే సరిపోదు, గాలి ఆడాలి. తలుపులు మూసిన గదిలో పెడితే చుట్టూ ఉన్న గాలి తేమతో నిండిపోయి ఆవిరవడం ఆగిపోతుంది. అందుకే ఈ కుండ అనంతపురంలో, హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో బాగా పనిచేస్తుంది: 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న గాలిలో తడి వస్తువు 23 డిగ్రీల దగ్గరికి చల్లబడగలదు, కుండ లోపల అంతకన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. కాకినాడలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున ఆ హద్దు 30 దగ్గరే ఆగుతుంది. అక్కడ దీని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు పోస్తే బయటి గోడ మీద తెల్లటి పొర కడుతుంది. అది రంధ్రాలను మూసేస్తుంది కాబట్టి అప్పుడప్పుడూ కొబ్బరిపీచుతో రుద్ది కడగాలి.

వంకాయ, బెండకాయ, దోసకాయలకు ఫ్రిజ్ కన్నా ఈ కుండే మేలు. పది డిగ్రీలకు దిగువన చాలా రోజులుంటే వాటి తొక్క మీద మచ్చలు, గుంటలు పడతాయి. ఆకుకూరలకు కట్టిన దారం విప్పి, కుళ్లిన ఆకులు ఏరేసి, కడగకుండా పలచటి తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. పండిన టమాటాలు, అరటిపళ్లు వదిలే ఇథిలీన్ వాయువు ఆకుల్ని పసుపు పట్టిస్తుంది కాబట్టి వాటిని వేరుగా ఉంచాలి. ఉల్లి, బంగాళాదుంపలకు తడి పనికిరాదు. రైతుల కోసం ఇదే సూత్రంతో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇటుకల గది రూపొందించింది. రెండు గోడల మధ్య ఏడున్నర సెంటీమీటర్ల సందులో తడి ఇసుక ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు.

ఇక ఖనిజాలు. వడలిన ఆకులో ఇనుము ఎక్కడికీ పోదు. పోయేది విటమిన్ సి. ఆకులోని ఇనుమును పేగులు పీల్చుకోవడానికి తోడ్పడేది అదే. తాజాదనానికీ రక్తానికీ ఉన్న అసలు లంకె ఇక్కడుంది. ఆకు ఉడికించిన నీళ్లు పారబోస్తే పొటాషియం, మెగ్నీషియం కూడా పోతాయి. ఆకును కోయకముందే కడిగి, దాని తడితోనే మగ్గించడం మంచిది. అయితే పాలకూరలో కాల్షియాన్ని పట్టేసుకునే ఆక్సలేట్ చాలా ఎక్కువ, దాని కాల్షియం మనకు అందేది కొద్దే. కాల్షియం కోసం మునగాకు వండుకోండి.

ఇనుము నిజంగా పెంచాలంటే ఇనుప మూకుడు వాడండి. చింతపండు పులుసో టమాటానో అందులో ఉడికితే, పులుపుకు లోహం కొద్దికొద్దిగా కరిగి కూరలో చేరుతుంది. ఎనామిల్ పూత ఉన్న పాత్రలో ఇది జరగదు. ఉడికాక కూరను వెంటనే స్టీలు గిన్నెలోకి తీయాలి, లేకపోతే నల్లబడి లోహపు రుచి వస్తుంది. నిమ్మరసం గిన్నెలోకి తీశాకే పిండండి: వేడి, ఇనుము రెండూ విటమిన్ సిని త్వరగా పాడుచేస్తాయి. భోజనమవగానే టీ తాగితే అందులోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి, కనీసం గంట ఆగాలి. తలసేమియా అనే రక్తవ్యాధి ఉన్నవాళ్లు, ఒంట్లో ఇనుము ఎక్కువుందని పరీక్షలో తేలినవాళ్లు డాక్టరును అడక్కుండా ఇనుప పాత్రల్లో పులుపు వండుకోకూడదు.