నిలువెత్తు తొడ ఎముక, నువ్వుగింజంత పన్ను

సిరొంచకు ఎగువన, ప్రాణహిత ఒడ్డున కోట అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పేరే ఇక్కడి రాళ్లకూ పెట్టారు. కోట శిలల వయసు సుమారు 18 కోట్ల ఏళ్లని అంచనా. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఈ మూలన ఇళ్లల్లో వినపడేది ఎక్కువగా తెలుగే. పుష్కరాల్లో మునిగి, అవతలి గట్టున కాళేశ్వర ముక్తీశ్వరుడికి మొక్కి వచ్చిన ఇంట్లోనే పిల్లలు డైనోసార్ల పాఠం చదువుతారు. దేవుడు పుట్టించాడా, జీవులు వాటంతటవే మారుతూ వచ్చాయా అన్న వాదన ఇక్కడ ఊరి రాళ్ల మీదే నడవాలి.

ఈ రాళ్లలోని శిలాజాలను తొలినాళ్లలో సేకరించినవాళ్లలో ఒకాయన మతబోధకుడు. స్కాట్లాండ్ నుంచి వచ్చి నాగపూర్‌లో పనిచేసిన స్టీఫెన్ హిస్లాప్. దేవుణ్ణి నమ్మేవాడు రాయి పగలగొట్టకూడదని ఆయన అనుకోలేదు.

ఈ కోట శిలల్లోనే 1960 ప్రాంతంలో సుమారు 300 ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఆరు డైనోసార్లవి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు! 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి ఏడాది కాబట్టి బారాపాసారస్ టాగోరీ అని పేరు పెట్టారు. బెంగాలీలో 'బారా పా' అంటే పెద్ద కాలు. పళ్లు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు.

వాదనకు అసలు పనికొచ్చేది మాత్రం ఇదే శిలల్లోని చిన్న పళ్లు. కొన్ని నువ్వుగింజంత ఉంటాయి, ఉలితో వెతికితే దొరకవు. బంకమట్టిని ఎండలో పూర్తిగా ఆరబెట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, వంపేసి, నీళ్లు పోస్తారు. అప్పుడు మట్టి దానంతటదే విడిపోతుంది. దాన్ని అర మిల్లీమీటరు కన్నాల జల్లెడలో నీళ్లలోనే కడుగుతారు. తడి మిగిలితే కిరోసిన్ లోపలికి దిగదు, గడ్డలు గడ్డలుగానే ఉండిపోతాయి. తొందరపడి చేత్తో నలిపితే పన్ను విరుగుతుంది. మిగిలిన రవ్వను ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద సన్నని కుంచెతో ఒక్కొక్క రేణువూ పక్కకు జరపాలి. కోట శిలల్లో తొలి క్షీరదాల పళ్లు ఇలా కడిగిన మట్టిలో దొరికాయి. వాటిలో ఒకటి కోటాథీరియం హాల్డేని. జె.బి.ఎస్. హాల్డేన్ పేరు అది. చివరి రోజులు భువనేశ్వర్‌లో గడిపి, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చిన శాస్త్రవేత్త.

"ఒక జీవి ఇంకొకటిగా మారితే, మరి మధ్య రూపాలేవి?" అని పరిణామాన్ని నమ్మనివాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. సరీసృపాల కింది దవడలో ఎముకలు చాలా ఉంటాయి, మనకు పక్కకు ఒకటే. మిగిలినవాటిలో కొన్ని చెవిలోకి చేరాయి. వేల్స్‌లోనూ చైనాలోనూ దొరికిన మోర్గనుకోడాన్ అనే క్షీరదం లాంటి చిన్న జంతువులో సరీసృపాల పాత దవడ కీలు, క్షీరదాల కొత్త కీలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే దవడకు రెండు కీళ్లు! మధ్య రూపమంటే ఇంతకంటే ఏం కావాలి? ఇక కోతి మాటకొస్తే, మన పూర్వీకులూ కోతుల పూర్వీకులూ ఒకరే అంటుంది పరిణామవాదం. నేటి కోతే మనిషైందని అనదు.

కార్బన్ పరీక్షతో ఈ వయసులు తేలుతాయనుకోవడం పొరపాటు. అందులో కొలిచే కార్బన్-14 అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లే, 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. కోట వయసును ప్రధానంగా చేపలు, చిన్న గుల్ల జీవుల శిలాజాలను ఇతర దేశాల పొరలతో పోల్చి అంచనా కట్టారు.

దశావతారాలనే పరిణామ క్రమంగా చూపేవాళ్లూ ఉన్నారు. మత్స్యం ముందు, కూర్మం తర్వాత, నిజమే. కానీ చేప సంతతి తాబేలైందని ఏ పురాణమూ చెప్పదు. భక్తికి రాతి సాక్ష్యం అక్కర్లేదు. రాతిని అడగాల్సిన ప్రశ్న వేరు. కోట పొరలో చేప, డైనోసార్, నువ్వుగింజంత పన్ను కలిసే ఉన్నాయి, ఆవు దవడ మాత్రం లేదు. చెక్కుచెదరని పొరలో ఒక్కటి దొరికినా ఈ లెక్కంతా తిరగరాయాలి.

అందుకే పొర ముఖ్యం. బావి తవ్వుతుంటేనో వాగు గట్టునో ఎముక కనిపిస్తే పీకవద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి, గట్టు పైనుంచి ఎంత లోతో కొలవండి, అటవీ శాఖకు చెప్పండి. నిపుణులు ముందు తడి కాగితం అద్ది, ఆపైన ప్లాస్టర్‌లో ముంచిన గోనె పట్టీలు చుడతారు. కాగితం లేకుంటే ప్లాస్టర్ ఎముకకే అంటుకుని పొరలు లేస్తాయి. ఈలోగా వాన వచ్చేలా ఉంటే పైన టార్పాలిన్ కప్పి చుట్టూ చిన్న కాలువ తీయండి. నీళ్లు తాగిన బంకమట్టి ఉబ్బి, ఆరేటప్పుడు ఎముకను ముక్కలు చేస్తుంది.