కంట్లో వడ్ల నూగు, ల్యాబ్‌ల 96 గుంతలు

మిర్యాలగూడ దిక్కు వరికోతలప్పుడు కంట్లో వడ్ల నూగు పడుడు మామూలే, నలుపుకుంటరు, కొంగుతోని ఒత్తుకుంటరు, మెడికల్ షాపుల ఏదో చుక్కల మందు తెచ్చి పోసుకుంటరు. ఆ నూగుతోనే బూజు స్పోర్లు (బూజు విత్తనాల్లాంటివి) కూడా లోపలికి పోతే కొన్ని రోజులకు నల్లగుడ్డు మీద తెల్లగ పువ్వు లేస్తది. డాక్టర్ దాన్ని గీకి ల్యాబ్‌కు పంపితే ఎక్కువగా ఫ్యుజేరియమో, ఆస్పర్జిల్లస్ ఫ్లేవసో బయటపడ్తది. పేరు తెలిసింది సరే, ఏ మందుకు లొంగుతదో?

బ్యాక్టీరియా అయితే ఇంత తిప్పలు లేదు, నీళ్లల్ల మంచిగ కలుస్తది. బూజు దూదిలెక్క దారాలు దారాలు, ఎంత తీసుకున్నమో లెక్కే తేలదు. అందుకే ఆలుగడ్డ అగర్ (బూజును పెంచే జెల్లీ) మీద పెంచి, అది పొడిలెక్క స్పోర్లు వేసినంక ఆ పొడినే సెలైన్‌ల కలిపి, ఉండలు అడుగుకు దిగినంక పైది తీసి లెక్కపెడ్తరు, మందు పరీక్ష పెట్టే ప్లేటు గుంతల మిల్లీలీటరుకు 4 వేల నుంచి 50 వేల స్పోర్ల దాకా ఉండాలె.

ప్లేటుకు 96 గుంతలు. మందు మొదటి దాంట్ల మిల్లీలీటరుకు 16 మైక్రోగ్రాములు, పక్కదాంట్ల 8, తర్వాత 4, 2, 1, అట్ల సగం సగం తగ్గుకుంట 0.03 దాకా. 35 డిగ్రీల దగ్గర పెట్టి రైజోపస్‌ను (2021ల బ్లాక్ ఫంగస్ అని భయపడ్డది గుర్తుందిగా, ఆ జాతే) ఒక్కరోజుకు, ఆస్పర్జిల్లస్‌ను రెండు రోజులకు చూస్తరు. బూజు అసలే మొలవని అతి తక్కువ మోతాదే ఎంఐసీ. క్యాస్పోఫంజిన్ లాంటి మందులకు మాత్రం ఈ లెక్క నడవదు, బూజు పూర్తిగ ఆగదు, దారాలు పొట్టిగ, ముద్దలెక్క అయితయి, ఆ మార్పు ఎక్కడ మొదలైందో దాన్నే రాసుకుంటరు.

రిపోర్టుల అంకె చూసి తక్కువున్న మందే మంచిది అనుకుంటరు చాలామంది, అది తప్పు, ఒక మందు 1ని ఇంకో మందు 4తోని పోల్చొద్దు. పైగా కంట్లో పోసే 5 శాతం నాటామైసిన్ అనే బూజు మందు అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు, ప్లేటుల ఉన్నవి మైక్రోగ్రాములు, పొంతనే లేదు. 2013ల వచ్చిన దక్షిణ భారత ట్రయల్‌ల ఫ్యుజేరియం కళ్లకు కొత్త వోరికొనజోల్ కన్నా ఈ పాత నాటామైసినే మేలని తేలింది.

నాకు అన్నిటికన్నా పట్టింపు పొలం సంగతి. పాముపొడ తెగులుకు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, ఆస్పత్రిల ఇచ్చే వోరికొనజోల్ అన్నీ అజోల్ అనే ఒకే ఇంటోళ్లు, బూజు కణం పొరకు కావాల్సిన ఎర్గోస్టెరాల్ తయారుచేసే ఒకే ఎంజైమును పట్టుకుంటయి. కుళ్లే గడ్డిల ఉండే ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ ఆ స్ప్రేకు అలవాటు పడితే, మాత్ర ఎన్నడు మింగనోళ్ల ఊపిరితిత్తుల్ల కూడా మొండి బూజు దొరుకుతది, ముందు నెదర్లాండ్స్‌ల, తర్వాత మన దేశంల కూడా దొరికింది. ఈ మొండి బూజును వడపోయడానికి నాలుగు గుంతల ప్లేటు ఉంది, మూడింట్ల మూడు అజోల్ మందులు, ఒకటి ఉత్త అగర్. మందు గుంతల ఒక్కదాంట్ల బూజు లేచినా మళ్లా 96 గుంతల ప్లేటు పెట్టాల్సిందే, ఇంకో రెండు రోజులు.