చలికాలం గడ్డి లెక్క: టోర్బెల్ ఊరి ఐదు వందల ఏళ్ల కట్టుబాటు

'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అని మనకో సామెత ఉంది. 1968లో అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసం సారం కూడా దాదాపు ఇదే. పచ్చిక అందరిదీ అయితే ప్రతివాడూ ఇంకో పశువును తోలుతాడు, చివరికి ఎవరికీ గడ్డి మిగలదు, కాబట్టి దాన్ని ఒకరి సొంతమైనా చేయాలి, ప్రభుత్వమైనా పట్టుకోవాలి అన్నాడు ఆయన. ఈ వాదన చాలాకాలం ఎదురు లేకుండా చెల్లింది. దానికి జవాబు ఎక్కడో పెద్ద యూనివర్సిటీలో పుట్టలేదు. స్విట్జర్లాండ్ కొండవాలు మీద, దాదాపు ఐదు వందల మంది ఉండే టోర్బెల్ అనే ఊరి పాత కాగితాల్లో అప్పటికే ఉంది.

టోర్బెల్ వాలే రాష్ట్రంలో, జర్మన్ మాట్లాడే ఎగువ ప్రాంతంలో, విస్ప్ పట్టణం పైనున్న లోయలో ఉంది. ఊరు సుమారు 1500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎండ బాగా తగులుతుంది, వాన మాత్రం తక్కువ. అందుకే కొండ పైనుంచి సన్నటి కాలువలు తవ్వి, మంచు కరిగిన నీళ్లను వంతుల వారీగా పారించుకున్నారు. ఇంటి దగ్గరి చిన్న చిన్న చెక్కల్లో రై ధాన్యం, కూరగాయలు, పశువులకు ఎండుగడ్డి పండించేవాళ్లు. ఆ చెక్కలు ఎవరివి వాళ్లవే, తండ్రి నుంచి పిల్లలకు వచ్చేవి. పైనున్న వేసవి పచ్చిక, అడవి, బంజరు మాత్రం ఊరుమ్మడి. భూమి చేతులు మారిన పత్రాలు 1224 నుంచీ దొరుకుతున్నాయి.

1483 ఫిబ్రవరి 1న ఊరివాళ్లు కలిసి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. పచ్చికను, అడవిని, బంజరును ఎలా వాడుకోవాలో చూసే సంఘం దానితో ఏర్పడింది. 1517లో రాసుకున్న నియమం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. చలికాలమంతా సొంత గడ్డితో ఎన్ని ఆవులను మేపగలరో అన్నింటినే వేసవిలో ఉమ్మడి పచ్చికకు తోలాలి. అంతకు మించి తోలితే గట్టి జరిమానా.

ఈ ఒక్క వాక్యంలో ఎంత ఆలోచన ఉందో చూడండి. వేసవికి ముందు చవకగా ఆవులను కొని, ఉమ్మడి గడ్డి మీద బలిపించి, చలికాలానికి ముందే అమ్ముకునే దారి దీనితో మూసుకుపోయింది. ఒక్కో ఇంటికి ఎన్ని ఆవులన్నది ఊరి పెద్దలు వాదించి తేల్చాల్సిన పని లేదు. ఆ ఇంటి గడ్డివామే చెబుతుంది, దాన్ని ఊరంతా చూస్తూనే ఉంటుంది. ఆవులను కొండ మీదికి తోలగానే లెక్కపెట్టేవాళ్లు. వేసవి చివర చీజ్ పంచేది కూడా ఆ లెక్కను బట్టే. నియమం తప్పినవాళ్ల దగ్గర జరిమానా వసూలు చేసే ఊరి అధికారికి అందులో సగం దక్కేది, కాబట్టి చూసీ చూడనట్టు వదిలేయడానికి అతనికి కారణం లేదు.

కట్టెల సంగతీ అంతే. ఏ చెట్లు నరకవచ్చో ముందే గుర్తు పెట్టేవాళ్లు. కుటుంబాలు జట్లుగా కలిసి నరికి, సమానంగా కుప్పలు పేర్చి, చీటీలు వేసి పంచుకునేవి. ఏ కుప్ప తనకు వస్తుందో తెలియనప్పుడు ఎవరైనా అన్ని కుప్పలనూ సమానంగానే పేరుస్తారు కదా.

ఈ కట్టుబాటును మెచ్చుకునేవాళ్లు దీనికి ఊరు కట్టిన ఖరీదును కూడా చెప్పాలి. బయటివాడు టోర్బెల్‌లో భూమి కొన్నా ఉమ్మడి పచ్చిక మీద, అడవి మీద హక్కు రాదని 1483 పత్రమే తేల్చేసింది. అతన్ని చేర్చుకోవాలా వద్దా అన్నది పాతవాళ్ల ఇష్టం. ఊళ్లోవాళ్లకైనా సుఖం తక్కువే. పెళ్లిళ్లు ఆలస్యంగా జరిగేవి, చాలామంది పెళ్లి లేకుండానే ఉండిపోయేవాళ్లు, కొందరు ఊరు వదిలి వలస పోయేవాళ్లు. నేల మోయగలిగినంత మందే ఊళ్లో మిగిలారంటే దాని వెనుక ఇంత ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో కింద విస్ప్‌లో రసాయనాల ఫ్యాక్టరీ వచ్చింది. చుట్టుపక్కల కొండ ఊళ్ల మగవాళ్లు అక్కడ షిఫ్టు చేసి, మిగతా టైమ్‌లో సొంత పొలం చూసుకున్నారు. జీతాలు పెరిగేకొద్దీ పశువులు తగ్గాయి.

1970లలో రాబర్ట్ నెటింగ్ అనే మానవశాస్త్రవేత్త ఈ ఊళ్లో పని చేసి, పాత పత్రాలు చదివి, ఈ వ్యవస్థ తీరును రాశారు. అమెరికా రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్, ఉమ్మడి వనరుల మీద 1990లో వచ్చిన తన పుస్తకంలో టోర్బెల్‌ను ముఖ్యమైన ఉదాహరణగా తీసుకున్నారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమే.

మనకు తెలిసిన ఊళ్ల గురించి కూడా అప్పటికే ఇలాంటి పని జరిగింది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ కింది ఊళ్లు తిరిగి, రైతులే కలిసి డబ్బు పోగేసి నీళ్లు కట్టే మనుషులను, పొలం కాపలాదారులను పెట్టుకోవడం చూసి 1988లో పుస్తకంగా తెచ్చారు. ఆ కట్టుబాటు ఆయనకు ఎక్కువగా కనిపించింది నీళ్లు పుష్కలంగా ఉన్న పై ఊళ్లలో కాదు, నీళ్లు అందుతాయో లేదో అని టెన్షన్ పడే కాలువ చివరి ఊళ్లలో.