నకిలీ డొమైన్‌తో వచ్చిన స్పామ్‌పై ఫిర్యాదు ఎవరికి చేయాలి? అపోహలు, వాస్తవాలు

మెయిల్ సర్వర్ల నిర్వహణలో భాగంగా అబ్యూస్ ఫిర్యాదులను (సేవలను ఎవరో దుర్వినియోగం చేస్తున్నారంటూ వచ్చేవాటిని) రోజూ చదివే పని నాది. మా సర్వర్ల నుంచి ఎన్నడూ బయలుదేరని స్పామ్ గురించి కూడా మాకు ఫిర్యాదులు వస్తుంటాయి. రాసినవారి ఆవేదన నిజమైనదే, కాని అది చేరవలసిన చోటు వేరు.

అపోహ: 'ఫ్రమ్' వరుసలో ఎవరి డొమైన్ కనిపిస్తే వారే ఆ మెయిల్ పంపినట్టు.

వాస్తవం: మెయిళ్లను సర్వర్ల మధ్య చేరవేసే 1982 నాటి ఎస్ఎంటీపీ ప్రమాణంలో పంపినవారెవరో నిర్ధారించే ఏర్పాటు లేదు కనుక, ఆ వరుసలో ఎవరు ఏ పేరైనా రాయవచ్చు. నమ్మదగిన ఆధారం హెడర్లలో, అంటే మెయిల్‌తో పాటే వచ్చే సాంకేతిక వివరాల్లో, ఉండే 'రిసీవ్డ్' వరుసల్లో దొరుకుతుంది. మెయిల్‌ను అందుకున్న ప్రతి సర్వరూ తన వరుసను అన్నిటికంటే పైన చేర్చుతుంది కాబట్టి వాటిని పైనుంచి కిందికి చదవాలి. మీ సొంత మెయిల్ సేవ బయటివారి నుంచి మెయిల్‌ను అందుకున్నప్పుడు రాసిన వరుసలో, దాన్ని అప్పగించిన యంత్రపు ఐపీ చిరునామా ఉంటుంది. ఆ పక్కనే ఆ యంత్రం తనకు తానుగా చెప్పుకున్న పేరు అబద్ధం కావచ్చు, కింది వరుసలన్నీ కల్పితం కావచ్చు, ఆ ఐపీ మాత్రం మీ సర్వర్ స్వయంగా చూసి రాసుకున్నది. అది ఏ నెట్‌వర్క్‌కు చెందినదో హూయిజ్‌లో (ఐపీ చిరునామాలు ఎవరి పేరున నమోదయ్యాయో చూపే సేవలో) చూసి, అక్కడ నమోదైన అబ్యూస్ చిరునామాకు పూర్తి హెడర్లతో ఫిర్యాదు పంపండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే ఈ వరుసలు సాధారణంగా పోతాయి, అవి లేని ఫిర్యాదుపై మేము చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

అపోహ: పంపని మెయిళ్లకు బౌన్స్‌లు (మెయిల్ చేరలేదని తిరిగి వచ్చే సందేశాలు) వస్తున్నాయంటే ఖాతా హ్యాక్ అయినట్టే.

వాస్తవం: స్పామర్ మీ చిరునామాను వాడుకుంటే, చేరని మెయిళ్ల బౌన్స్‌లు మీకే వస్తాయి. బౌన్స్‌లో జతపరిచిన అసలు హెడర్లను చూస్తే ఆ మెయిల్ మీ సర్వర్ నుంచి వెళ్లిందో లేదో తెలుస్తుంది.

అపోహ: ఎస్‌పీఎఫ్ రికార్డు (డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో తెలిపే జాబితా) ఉంటే డొమైన్‌ను ఎవరూ వాడుకోలేరు.

వాస్తవం: ఎస్‌పీఎఫ్ పరిశీలించేది సర్వర్లు తమలో తాము చెప్పుకునే కవరు చిరునామాను, పాఠకుడికి కనిపించే 'ఫ్రమ్' వరుసను కాదు. ఆ రెండింటినీ ముడిపెట్టేది 2015లో ప్రచురితమైన డీమార్క్ అనే ప్రమాణం. ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ సంతకం (మెయిల్‌కు డొమైన్ పేరుతో చేర్చే డిజిటల్ సంతకం) సరిపోవడమే కాక, అలా నెగ్గిన డొమైన్ కనిపించే డొమైన్‌తో కలవాలని అది కోరుతుంది. అయితే డీమార్క్‌లో మీరు ప్రకటించిన విధానం 'నన్' (ఏ చర్యా వద్దు) దగ్గరే ఉంటే నివేదికలు వస్తాయే తప్ప నకిలీలను ఆపమని అడిగినట్టు కాదు. మీ తరఫున మెయిళ్లు పంపే సేవలన్నిటినీ ఆ నివేదికల్లో గుర్తించి సరిదిద్దిన తర్వాతే 'రిజెక్ట్' (తిరస్కరించు)కు మారాలి, తొందరపడితే మీ అసలు మెయిళ్లే తిరస్కరణకు గురవుతాయి. ఒక్క అక్షరం మార్చి నమోదు చేసిన పోలిక డొమైన్ల నుంచి వచ్చే మెయిళ్లకు మాత్రం ఈ రక్షణ వర్తించదు.