కంటి కంటే చెవికి ముందు దొరికే పిట్ట

చలికాలం పొద్దున మామిడితోపులో కాసేపు నిలబడితే పై కొమ్మల్లోంచి ‘చిస్‌లీ, చిస్‌లీ’ అని సన్నని, పదునైన పిలుపు వినిపిస్తుంది. అది గ్రీనిష్ వార్బ్లర్. పిచ్చుక కంటే చిన్నది, 8 గ్రాములకు అటూఇటూ తూగుతుంది. వీపు పాలిపోయిన ఆకుపచ్చ, పొట్ట మాసిన తెలుపు, కంటి మీదుగా పొడవాటి లేతరంగు చార. రెక్క మీద సన్నని గీత ఒకటి ఉండాలి గానీ, ఈకలు అరిగితే అదీ కనబడదు. ఆ గీత కోసం వెతికేవాళ్లు పొరబడేది ఇక్కడే. పిలుపును పట్టుకోవడం మేలు. కింది పొదల్లోంచి ‘చెక్, చెక్’ అని వినిపిస్తే అది వేరే వలసపిట్ట, గోధుమరంగు బ్లిత్స్ రీడ్ వార్బ్లర్.

చలికాలమంతా ఏ పిట్ట హద్దు దానిదే. ఆ పిలుపు పక్కపిట్టకు హెచ్చరిక. ఆకు ఆకూ తిరగేసి పురుగుల్నీ సాలీళ్లనీ ఏరుకు తింటుంది. ఎండలు ముదిరేవేళకు ఉత్తరానికి బయల్దేరుతుంది. అక్కడి అడవుల్లో నేల మీదో గట్టు వాలులోనో నాచుతో, పక్కన వాకిలి ఉండేలా గుండ్రటి గూడు కడుతుంది.

అసలు చిక్కుముడి దాని పాటలో ఉంది. ఈ జాతి టిబెట్ పీఠభూమి చుట్టూ ఉంగరంలా పరచుకుంది. ఉత్తర చైనాలో మాత్రం కొంత ఖాళీ. హిమాలయాల్లో పాట పొట్టిగా, సాదాగా ఉంటుంది. పడమటి వైపు నుంచి పైకి వెళ్లినా, తూర్పు వైపు నుంచి వెళ్లినా పాట పొడవవుతూ, మెలికలు తిరుగుతూ పోతుంది, కానీ రెండు వైపులా ఒకేలా కాదు. చివరికి మధ్య సైబీరియాలో రెండు కొసలూ కలిసేసరికి, ఒకదాని పాటను స్పీకర్లో వినిపిస్తే రెండోది పట్టించుకోదు. ఇరుగుపొరుగునే ఉన్నా జతకట్టడం చాలా అరుదు. శాస్త్రవేత్తలు డారెన్ ఇర్విన్, స్టాఫన్ బెన్ష్, ట్రెవర్ ప్రైస్ 2001లో దీన్ని ‘నేచర్’ పత్రికలో వివరించారు. ఈ ప్రైస్ అంతకుముందే, 1970లలో, ఆంధ్ర తూర్పు కనుమల్లో పక్షుల రాకపోకలను గమనించినవాడే.

ఉంగరం బొమ్మ ఎంత అందంగా ఉన్నా దాన్ని మరీ నున్నగా గీయకూడదు. 2014లో జన్యువులను పరిశీలిస్తే, ఈ గొలుసు గతంలో కొన్నిచోట్ల తెగిందని, సైబీరియా కొసల మధ్య కూడా కొద్దిగా జన్యువులు చేతులు మారాయని తేలింది.

రెండు కొసల పిట్టల వలస దారులూ వేరే. పడమటి పిట్టలు టిబెట్‌కు పడమరగా చుట్టి మన దేశానికి వస్తాయి, తూర్పువి ఆగ్నేయాసియాకు పోతాయి. రెండింటికీ పుట్టిన పిల్లకు నడిమి దిక్కు అబ్బితే? దాని దారికి అడ్డంగా ఉండేది టిబెట్ పీఠభూమి. సంకరం నిలవకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చని శాస్త్రవేత్తల ఊహ.