వేడితో నొప్పిని కొలవడం: అపోహలు – వాస్తవాలు

ముంజేతికి చిన్న లోహపు పలక ఉన్న థర్మోడ్ కడతారు. చేతికి ఒక బటన్ ఇస్తారు. పలక 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలై సెకనుకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. నొప్పి మొదలైన క్షణంలో బటన్ నొక్కాలి. తెర మీద 44.3 అని పడుతుంది. క్వాంటిటేటివ్ సెన్సరీ టెస్టింగ్, పొట్టిగా క్యూఎస్‌టీ అనే పరీక్షల వరుసలో ఇది ఒకటి. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది కాబట్టే ఆ అంకెను ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుతున్నారు. పరీక్ష చేయించుకునేవాళ్లే కాదు, కొత్తగా చేసేవాళ్లు, రిపోర్టు చదివే డాక్టర్లు కూడా పొరబడే విషయాలు ఇవి.

అపోహ: యంత్రం నొప్పిని కొలుస్తుంది.

యంత్రం కొలిచేది పలక వేడిని. నొప్పి గురించి చెప్పేది మనిషి. 44.3 అంటే "పలక ఈ వేడికి చేరినప్పుడు ఈయన బటన్ నొక్కాడు" అనే. నొప్పిని నేరుగా కొలవాలన్న ప్రయత్నం జరగకపోలేదు. 1940ల్లో హార్డీ, వుల్ఫ్, గూడెల్ అనే అమెరికన్ పరిశోధకులు బల్బు వేడిని నుదుటి మీద కేంద్రీకరించి డోలోరిమీటర్ తయారు చేశారు. నొప్పికి 'డోల్' అనే యూనిట్ కూడా పెట్టారు. ఆ యూనిట్ నిలబడలేదు. ఒకే వేడికి ఒకే మనిషి వేర్వేరు సందర్భాల్లో వేర్వేరుగా స్పందిస్తాడు. భయం, ధ్యాస, ఎదురుచూపు, పరీక్షించేవాళ్లు ఎవరన్నది, అన్నీ ఆ స్పందనలో కలుస్తాయి. వాటిని గీకి పారేస్తే అడుగున 'అసలు నొప్పి' మిగులుతుందనుకోవడమే పొరపాటు. అవన్నీ నొప్పిలో భాగమే.

అపోహ: థ్రెషోల్డ్ ఎక్కువుంటే ఓర్పు ఎక్కువ.

ఇవి రెండు వేర్వేరు కొలతలు. నొప్పి మొదలయ్యే చోటు థ్రెషోల్డ్. ఇక చాలు, ఆపండి అనే చోటు టాలరెన్స్. ఈ రెంటికీ మధ్య, ఉదాహరణకు 47 డిగ్రీల వేడిని కాసేపు ఇచ్చి "సున్నా నుంచి వందలో ఎంత నొప్పి?" అని అడిగితే వచ్చేది మూడో కొలత. ఒకే మనిషిలో ఈ మూడూ ఒకే దిక్కుకు పోవాలని లేదు. రోజూ నడుంనొప్పితో బాధపడే మనిషి బాధ తీవ్రతకూ, అతని థ్రెషోల్డ్‌కూ ఉన్న సంబంధం కూడా బలహీనమే. కాబట్టి 46 వచ్చినాయన గట్టి మనిషి, 42 వచ్చినావిడ నాజూకు అని చెప్పే అధికారం ఈ పరీక్ష ఎవరికీ ఇవ్వదు.

ఎక్కువసార్లు తప్పు జరిగేది సూచనల దగ్గర. "నొప్పి వచ్చినప్పుడు నొక్కండి" అని వదిలేస్తే చాలామంది పౌరుషానికి పోయి, భరించలేకపోయే దాకా ఆగి నొక్కుతారు. థ్రెషోల్డ్ పేరుతో టాలరెన్స్ నమోదవుతుంది. సూచన ఇలా ఉండాలి: "మొదట వెచ్చగా, తర్వాత వేడిగా ఉంటుంది. ఆ వేడికి తోడు మంట గానీ, పోటు గానీ, సలుపు గానీ మొదలైన మరుక్షణమే నొక్కండి. ఓర్చుకోవాల్సిన పని లేదు." దీన్ని కాగితం మీద రాసుకుని ప్రతి ఒక్కరికీ అవే మాటలు చదివి వినిపించాలి. సొంత మాటల్లో చెప్పడం మొదలుపెట్టామంటే సాయంత్రానికి సూచన మారిపోతుంది, దాంతో అంకెలూ మారతాయి.

అపోహ: 44 డిగ్రీలంటే ఏ ల్యాబ్‌లోనైనా 44 డిగ్రీలే.

కాదు. మా దృష్టిలో ఈ రంగాన్ని అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది ఈ నమ్మకమే.

వేడి పెరిగే వేగం చూడండి. అనిపించాక బటన్ నొక్కడానికి అర సెకను పట్టిందనుకుందాం. సెకనుకు ఒక డిగ్రీ వేగంలో అది అర డిగ్రీ తేడా. సెకనుకు నాలుగు డిగ్రీలైతే రెండు డిగ్రీల తేడా. పాదం దగ్గర ఇంకో ఆలస్యం కలుస్తుంది. వెచ్చదనాన్ని మోసే సి తంతువుల (సన్నని నాడీ పోగుల) వేగం సెకనుకు సుమారు ఒక మీటరే. పాదం నుంచి వెన్నుపాము దాకా దాదాపు మీటరు దూరం. అంటే కబురు చేరేలోపే పలక ఇంకో డిగ్రీ ఎక్కేస్తుంది. పొడగరికీ పొట్టివారికీ ఇక్కడే తేడా వస్తుంది. ఈ ఆలస్యం లెక్కలోకి రాకూడదనుకుంటే లెవెల్స్ పద్ధతి ఉంది: ఒక స్థిరమైన వేడిని ఇచ్చి, తీసేశాక "తెలిసిందా, లేదా?" అని అడుగుతూ మెట్లు మెట్లుగా దగ్గరకు రావడం. అయితే దానికి సమయం చాలా పడుతుంది, పేషెంట్ అలిసిపోతారు.

పలక సైజు రెండోది. పెద్ద పలక ఎక్కువ నాడీ చివరలను ఒకేసారి తాకుతుంది, థ్రెషోల్డ్ తగ్గుతుంది. మూడు సెంటీమీటర్ల పలకతో వచ్చిన అంకెను చిన్న పలకకు తయారుచేసిన నార్మల్ విలువల పట్టికలో పెట్టి చూడకూడదు.

మూడోది, అందరూ తేలిగ్గా తీసుకునేది, పలక చర్మానికి ఆనడం. తెర మీద కనిపించేది పలకలోని సెన్సర్ చూపే వేడి. చర్మం లోపల నాడి చివర ఉన్నచోట ఎంత వేడి ఉందో యంత్రానికి తెలియదు. మడమ గిలక లాంటి ఎముక ఉబ్బు మీద పెడితే ఒక అంచు లేస్తుంది, గాలి సందు ఏర్పడుతుంది, థ్రెషోల్డ్ దొంగగా పెరుగుతుంది. పట్టీ మరీ బిగిస్తే రక్తప్రసరణ తగ్గి ఇంకో తేడా వస్తుంది. కట్టాక నాలుగు అంచులూ వేలితో తడిమి చూడటం అలవాటు చేసుకోవాలి. పాదాలు చల్లబడి ఉంటే ముందు దుప్పటి కప్పి వేడెక్కనివ్వాలి.

అపోహ: మూడుసార్లు చేసి సగటు తీస్తే చాలు, క్రమం ఎలా ఉన్నా ఫర్వాలేదు.

జర్మనీలోని న్యూరోపతిక్ పెయిన్ (నరాలు దెబ్బతినడం వల్ల వచ్చే నొప్పి) పరిశోధన నెట్‌వర్క్ 2006లో ప్రచురించిన ప్రోటోకాల్‌లో ఏడు పరీక్షలు, వాటినుంచి 13 కొలతలు ఉంటాయి. అందులో క్రమం ఊరికే పెట్టలేదు. ముందు చల్లదనం, వెచ్చదనం తెలిసే చోటు, ఆ తర్వాత చలి నొప్పి, వేడి నొప్పి. ఆపైన చర్మానికి తాకించే వాన్ ఫ్రే అనే సన్నని పోగులతో స్పర్శ, 8 నుంచి 512 మిల్లీన్యూటన్ల సూదిపోట్లు, 64 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో కంపనం. కండరాన్ని నొక్కే ఒత్తిడి నొప్పి చిట్టచివర. ముందే నొప్పి పెడితే ఆ చోటు సున్నితమైపోయి, తర్వాతి కొలతలన్నీ పక్కకు లాగబడతాయి.

అసలు చోటు మీద చేసే ముందు వేరే చోట ఒకసారి చేసి చూపించాలి. మొట్టమొదటి రీడింగులో కొలతకంటే కంగారే ఎక్కువ కనిపిస్తుంది. ఒక్క చోట మొత్తం వరుస పూర్తవడానికి సుమారు అరగంట పడుతుంది. జబ్బు ఉన్న చోటూ, పోల్చడానికి మంచి చోటూ కలిపితే గంట. అంతసేపు ధ్యాస నిలవాలంటే గది నిశ్శబ్దంగా ఉండాలి, తెర పేషెంట్ కంట పడకూడదు. అంకెలు పైకి ఎక్కడం చూస్తూ నొక్కినవాళ్ల రీడింగు వాడటానికి పనికిరాదు.

ఫలితాన్ని వయసు, లింగం, శరీర భాగాన్ని బట్టి జెడ్ స్కోరుగా, అంటే ఆరోగ్యవంతుల సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకెగా మారుస్తారు. మైనస్ 1.96 నుంచి ప్లస్ 1.96 వరకు మామూలే. ఇక్కడ గుర్తుల విషయంలో జాగ్రత్త. ప్లస్ అంటే సున్నితత్వం పెరగడం, మైనస్ అంటే తగ్గడం. వేడి నొప్పి థ్రెషోల్డ్ తగ్గితే సున్నితత్వం పెరిగినట్టు కాబట్టి అక్కడ గుర్తు తిప్పాలి. ఎక్సెల్ షీటులో ఆ ఒక్క గుర్తు మరిస్తే మొద్దుబారిన కాలు అతిసున్నితమైన కాలుగా రిపోర్టులోకి ఎక్కుతుంది.

అపోహ: చల్లటి పలకను "వేడిగా ఉంది" అన్నారంటే పేషెంట్‌కు సూచన అర్థం కాలేదు.

పలకను ఒకసారి వెచ్చగా, ఒకసారి చల్లగా మార్చుతూ "మార్పు తెలియగానే నొక్కి, ఏమనిపించిందో చెప్పండి" అనే పరీక్ష ఉంది. పలక చల్లబడుతుంటుంది. కాలి మీద పెట్టుకున్న పెద్దాయన నొక్కుతారు. "వేడి" అంటారు. పరీక్షించేవాళ్లు "కాదండీ, సరిగ్గా గమనించండి" అని మళ్లీ మొదలుపెడతారు. ఆ ఒక్క మాటతో విలువైన సమాచారం పోయినట్టే. దాన్ని పారడాక్సికల్ హీట్ సెన్సేషన్ అంటారు. చల్లదనాన్ని మోసే సన్నని ఎ-డెల్టా తంతువుల దారి దెబ్బతిన్నప్పుడు ఇది కనిపించవచ్చు. డయాబెటిక్ న్యూరోపతిలో, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో దీన్ని గమనించారు. ఆరోగ్యంగా ఉన్న కొందరి పాదాల్లోనూ అప్పుడప్పుడు రావచ్చు, ఆ ఒక్కదాన్ని పట్టుకుని జబ్బు ఉందని తేల్చకూడదు. కానీ దిద్దకుండా, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాల్సిందే.

అపోహ: ఈ పరీక్షతో చర్మం కాలుతుంది.

వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ సుమారు 43 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. దాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కాలిన గాయం వేడి మీదే కాక సమయం మీద కూడా ఆధారపడుతుందని 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ చూపించారు: 44 డిగ్రీల దగ్గర సుమారు ఆరు గంటలు పడుతుంది, అక్కడినుంచి 51 వరకు ఒక్కో డిగ్రీకి ఆ సమయం దాదాపు సగమవుతూ వస్తుంది. సెకన్లలో ముగిసి, 50 దగ్గర తనంతట తానే ఆగి వెనక్కొచ్చే పలకతో కాసేపు ఎర్రబడటం తప్ప సాధారణంగా ఏమీ కాదు.

అపాయం మరోచోట ఉంది. స్పర్శ పోయిన పాదం ఉన్నవారు బటన్ నొక్కరు. పలక ప్రతిసారీ 50 దాకా పోతుంది. అలాంటివారిలో చోటు మార్చుతూ, చర్మాన్ని మధ్యమధ్యలో చూస్తూ చేయాలి. నిమిషాల తరబడి వేడిని నిలిపి ఉంచే ప్రయోగాలకు వారిని తీసుకోకూడదు. ఇంకొకటి: నొక్కనప్పుడు నమోదైన 50 వారి థ్రెషోల్డ్ కాదు, యంత్రం హద్దు. రిపోర్టులో ఆ సంగతి విడిగా రాయాలి.

అపోహ: నల్లటి చర్మం మందం, నొప్పి తక్కువ తెలుస్తుంది.

పూర్తిగా అబద్ధం, హాని చేసే అబద్ధం. 2016లో అమెరికాలో వైద్య విద్యార్థులను, రెసిడెంట్ డాక్టర్లను అడిగితే ఇలాంటి నమ్మకాలు వారిలోనూ బయటపడ్డాయి. ఆ నమ్మకాలున్నవాళ్లు నల్లజాతి పేషెంట్ నొప్పిని తక్కువగా అంచనా వేశారు. రంగు ప్రభావం ఉండేది వెలుతురు రూపంలో వేడి ఇచ్చే పరికరాలతోనే, అదీ కాంతిని చర్మం ఎంత పీల్చుకుంటుందన్న దానివల్ల. అందుకే హార్డీ బృందం నుదుటికి నల్ల సిరా పూసేది. తాకే థర్మోడ్‌కు రంగుతో పని లేదు.

అపోహ: నర్వ్ కండక్షన్ నార్మల్ అయితే నరాలు బాగున్నట్టే.

నర్వ్ కండక్షన్ అంటే నరంలో విద్యుత్ సంకేతం ఎంత వేగంగా పోతుందో చూసే పరీక్ష. అది చూసేది లావుపాటి, వేగంగా మోసే తంతువులనే. వేడి, చలి, నొప్పిని మోసే సన్నని తంతువులు అందులో కనపడవు. అరికాళ్లు మండుతున్నా రిపోర్టు నార్మల్ వచ్చి, "అంతా మీ మనసులోనే ఉంది" అనిపించుకున్నవారు ఇందుకే ఉన్నారు. థర్మల్ పరీక్ష ఆ సన్నని దారిని చూస్తుంది. అయితే లోపం చర్మంలోనా, వెన్నుపాములోనా, మెదడులోనా అన్నది చెప్పలేదు, ఎందుకంటే బటన్ నొక్కడానికి మొత్తం దారి పనిచేయాలి. చోటు తేల్చడానికి స్కిన్ బయాప్సీలో నాడీ తంతువుల లెక్క లాంటివి తోడు కావాలి.

అపోహ: నటించేవాళ్లను దీంతో పట్టేయొచ్చు.

పట్టలేం. సమాధానం చెప్పేది మనిషే కాబట్టి కావాలని ఆలస్యంగా నొక్కినా యంత్రం కనిపెట్టలేదు. ధ్యాస లేకపోయినా రీడింగులు అస్తవ్యస్తంగానే వస్తాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2003 నాటి సమీక్ష కూడా ఈ ఒక్క పరీక్ష మీద ఆధారపడి జబ్బు నిర్ధారించవద్దనే చెప్పింది. నష్టపరిహారం కేసులో ఒక మనిషి బాధను అబద్ధమనడానికి దీన్ని వాడటం అన్యాయం.

అపోహ: ఇది పరిశోధనకే గానీ వైద్యానికి పనికిరాదు.

ఒకే జబ్బు పేరున్న ఇద్దరిలో నరాల తీరు వేరుగా ఉండొచ్చు: ఒకరిలో స్పర్శ పోయి ఉంటుంది, ఇంకొకరిలో సన్నని తంతువులు బతికి ఉండి అతిగా స్పందిస్తుంటాయి. 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో న్యూరోపతిక్ నొప్పి ఉన్నవారిని క్యూఎస్‌టీతో ఇలా విడదీసి ఆక్స్‌కార్బజెపైన్ అనే మూర్ఛ మందు ఇచ్చారు. ఒకరికి నొప్పి సగానికి పైగా తగ్గాలంటే అతిస్పందన గుంపులో సుమారు నలుగురికి, రెండో గుంపులో 13 మందికి మందు ఇవ్వాల్సి వచ్చింది. ఇది అన్ని మందులకూ వర్తించే సూత్రం కాదు. అయినా గుంపులు విడదీయకుండా సగటు తీసి ఉంటే ఈ తేడా ఎవరి కంటా పడేది కాదు. అలా విడదీయాలంటే పలక సైజు, మొదలుపెట్టిన వేడి, పెంచిన వేగం, ఆపిన హద్దు, చదివి వినిపించిన సూచన, ఈ ఐదూ రిపోర్టులో అంకె పక్కనే ఉండాలి. అవి లేని రిపోర్టు చేతికొస్తే పరీక్ష చేసినవాళ్లను అడిగి రాబట్టుకోండి. దొరక్కపోతే ఆ అంకెను వేరే ల్యాబ్ అంకెతో పోల్చకండి.