ఫోలిక్ యాసిడ్‌కు ఆ పేరెలా వచ్చింది

లాటిన్‌లో ‘ఫోలియం’ అంటే ఆకు. పుస్తకపు పుటను ఫోలియో అనడమూ దానినుంచే వచ్చింది. మన ‘పత్రం’ కూడా ఆకుగా మొదలై కాగితంగా మారిందే కదా. రక్తం తయారీకి అవసరమైన బి విటమిన్లలో ఒకటైన ఫోలిక్ యాసిడ్ పేరుకూ ఆ ఆకే మూలం. అయితే ఆ పదార్థం జాడ మొదట దొరికింది ఆకుల్లో కాదు.

1920ల చివర బొంబాయికి వచ్చిన బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులను పీడిస్తున్న తీవ్రమైన రక్తహీనత, ఈస్ట్ సారంతో తయారయ్యే మార్మైట్ తినిపిస్తే తగ్గుతోందని గమనించి 1931లో ప్రకటించారు. అందులో పనిచేస్తున్నదేమిటో తెలియదు కనుక దాన్ని ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్నారు. తర్వాత అదే పదార్థానికి కోతులపై పరిశోధించినవారు ‘మంకీ’లోని ఎం తీసుకుని విటమిన్ ఎం అని, కోడిపిల్లలపై పరిశోధించినవారు ‘చిక్’లోని సి చేర్చి విటమిన్ బిసి అని ఎవరికి వారు పేర్లు పెట్టుకున్నారు.

1941లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి, ఒక బాక్టీరియా పెరుగుదలకు తోడ్పడే ఆమ్లాన్ని గాఢమైన రూపంలో రాబట్టి, దానికి ఫోలిక్ అని పేరుపెట్టారు. అది కాలేయంలోనూ ఈస్ట్‌లోనూ ఉంటుందని వారికి తెలుసు. పచ్చని ఆకుల్లో సమృద్ధిగా ఉంటుందన్నదే పేరుకు కారణం. పరీక్షకు వాడిన జంతువుల పేర్లకన్నా ఇది ఎంతో సబబైన ఎంపిక.

పేరు కుదిరినా ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేయడం మిగిలింది. అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో ఆ పని సాధించింది. సుబ్బారావు అన్నను బలిగొన్న, పేగులు ఆహారంలోని పోషకాలను గ్రహించలేని స్ప్రూ వ్యాధికి ఫోలిక్ యాసిడ్ ఒక మందుగా నిలవడం ఈ చరిత్రలో మరిచిపోలేని విషయం. నిర్మాణం తేలాక వచ్చిన రసాయన నామం టెరాయిల్‌గ్లుటమిక్ ఆమ్లం. అందులోని ‘టెర్’ రెక్క అనే గ్రీకు మాట, ఆ అణువులోని ఒక భాగం సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో ఉండే పదార్థాల కోవకు చెందినది కావడమే అందుకు కారణం. నోరు తిరగని ఆ పేరు వ్యవహారంలోకి రాలేదు.

నిజానికి పాలకూరలో ఉండేవి ఫోలేట్లు, అంటే ఈ విటమిన్ సహజ రూపాలు, వంటలో చాలావరకు నశించేవి. గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలోని 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రం కర్మాగారంలో తయారయ్యే, నిలవ ఉండే రూపం. ప్రకృతిలో ఆ రూపంలో దొరకడం అరుదు.